చేతులు జేబుల్లోనే

బెల్‌కూర్ మెట్రో మెట్లెక్కగానే
రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను.
చలికి కాదు, జూలైలోనూ అంతే.
నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

గుర్రం విగ్రహం దగ్గర నిలబడతారు వాళ్ళు,
ముగ్గురో నలుగురో, పదహారు దాటని పిల్లలు.
చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద కాగితం,
కాగితం మీద చెవి బొమ్మ, దానికి అడ్డంగా ఎర్రగీత.
"చెవిటి మూగ పిల్లల బడికి" అని రాసుంటుంది
రెండు మాటలకి మూడు తప్పులతో.
ముందే పెట్టిన సంతకాలు కొన్ని,
వాటి పక్కన ఇరవై, ముప్పై, ఇరవై.
ఊళ్ళో దాతలందరిదీ ఒకటే చేతిరాత.

వేలు చెవికి ఆనించి, పెదాలకి ఆనించి
తల అడ్డంగా ఊపుతుంది పిల్ల.
పెన్ను మీ చేతిలోకి ఎప్పుడొచ్చిందో మీకే తెలీదు.
వచ్చిందా, ఇక ఆ చెయ్యి మీది కాదు.
అట్ట కింద జరిగేది మీ కళ్ళకి కనపడదు,
సంచీ జిప్పుకి తెలుస్తుంది.

నాకెలా తెలుసంటారా?
తొమ్మిదేళ్ళ కింద నేనూ పెట్టాను సంతకం,
గిలేన్ పెరాషోన్ అని, పూర్తి పేరు,
గుండ్రంగా, బళ్ళో నేర్పినట్టు.
నాన్నని పూడ్చి అప్పటికి పదకొండు రోజులు.

నాన్న అచ్చాఫీసులో పనిచేసేవాడు. పుట్టు చెవుడు.
ఆ యంత్రాల రొదకి తక్కినవాళ్ళు చెవుల్లో దూది కుక్కుకుంటే
తను ఈల వేసుకునేవాడట,
శ్రుతి లేని ఈల, తనకి వినపడని ఈల.
ఇంట్లో మా మాటలన్నీ వేళ్ళతోనే.
చెంచా కింద పెడితేగానీ
ఎవరికీ నోరు లేచేది కాదు,
అందుకే మా ఇంట్లో సూప్ ఎప్పుడూ చల్లారిపోయేది.

ఆ పిల్ల చెవి మీద వేలు పెట్టగానే
నా చేతికి ఎముక లేకుండా పోయింది.
ఇరవై ఇచ్చాను. చాలదంటే ఇంకో పది.
ఇంటికొచ్చి చూసుకుంటే పర్సే లేదు.
డబ్బు పోతే పోయింది,
అందులో నాన్న ప్రెస్సు కార్డు ఉంది,
మీసాలున్న ఒకే ఒక్క ఫోటో.

మొన్న మంగళవారం ఒకత్తె అడ్డం వచ్చింది.
నేను పక్కకి జరిగితే తనూ జరిగింది.
అట్ట తెచ్చి నా రొమ్ముకి ఆనించింది.
మామూలుగా నేను ఆగను.
"వద్దు" అంటాను, ఒక్కసారే. ఎందుకో చెప్పను.
ఎందుకో చెప్పడం మొదలుపెడితే బేరం మొదలైనట్టే.
ఆ రోజు ఆగాను.
సంచీని మోచేత్తో నొక్కిపట్టి
ఒక్క చెయ్యి బయటికి తీసి
నాన్న భాషలో అడిగాను,
నీ పేరేంటి? ఏ బడి?

నా వేళ్ళకేసి చూసింది
ఈగని చూసినట్టు.
తర్వాత భుజం మీంచి వెనక్కి,
బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న మనిషికేసి.
ఆ చూపు నాకర్థమైంది.
భయానికి ఏ బడీ అక్కర్లేదు.

"క్షమించండి" అంది, నోటితో, గొణుగుతూ.
మంచి గొంతు.
అంతలోనే ఒక ముసలి జంట వైపు పరిగెత్తింది.
"సంచీ! సంచీ చూసుకోండమ్మా!" అని అరిచాను.
బెంచీ మీది మనిషి లేచాడు.
నేను బేకరీలోకి దూరి, అక్కర్లేని రొట్టె కొన్నాను.

ఇప్పుడు నా దానం బడి గుమాస్తా కిటికీలోంచి పోతుంది.
ముద్ర వేసిన రసీదు, అంకె, తేదీ.
పిల్లలు దూరంగా గాజు తలుపు అవతల.
భద్రంగానే ఉంది.

ఇంకొకటి ఉంది, ఎవరికీ చెప్పలేదు.
పోయిన జనవరిలో ట్రామ్ స్టాపు దగ్గర ఒకాయన
చెవి మీద వేలు పెట్టి నాకో కాగితం చాపాడు.
నేను ఆకాశం చూశాను.
ట్రామెక్కి, తలుపు మూసుకున్నాక
అద్దంలోంచి చూస్తే,
ఆయన ఇంకెవరినో అడుగుతున్నాడు,
చేతులతో, తొందరతొందరగా, తప్పుల్లేకుండా,
పెద్దాసుపత్రికి ఏ ట్రామెక్కాలని.

ఇదే ట్రామ్.
చెప్పడానికి రెండు వేళ్ళు చాలు.
నా చేతులు జేబుల్లో ఉన్నాయి.